పచ్చబొట్టుకు మేత

చెల్లెలు పప్పులోకి పోపు పెడుతుంటే ప్రసూన ఆమె చేతిని చూసింది. మణికట్టు లోపలివైపు, నాడి చూసే చోట, రూపాయి బిళ్ళంత పచ్చబొట్టు. మొన్నటిదాకా నెమలి మెడలా నిగనిగలాడిన రంగు కాస్తా పాచిపట్టిన నీళ్ళ రంగులోకి దిగిపోయింది.

"ఎన్నో రోజే ఇవాళ?"

"పన్నెండు," అంది కుందన, ఎండుమిరపకాయల్ని గరిటెతో తిప్పుతూ. "నన్నడుగుతావేంటక్కా? ఆ లెక్క నీకే కదా బాగా తెలిసేది!"

ఎగతాళిగానే అంది. అయినా ప్రసూన చూపు తిప్పుకుంది. ఎందుకంటే ఆ లెక్క పెట్టింది నిజంగానే ఆమె.

ఆ ఉత్తరదేశంలో వీసాను కాగితం మీద కొట్టడం మానేసి ఏడేళ్ళయింది. పనికోసం బయటినుంచి వచ్చినవాళ్ళ మణికట్టు చర్మం కింద బతికున్న కణాలను ఒక చుక్క ఎక్కిస్తారు. వారంలో అది పచ్చగా పట్టుకుంటుంది. బస్సు తలుపు, బ్యాంకు తలుపు, అద్దె ఇంటి తలుపు, అన్నీ ఆ పచ్చను చూసే తెరుచుకుంటాయి. రోజూ పొద్దున పనిచేసే చోట గేటు దగ్గర ఒక గూట్లో చెయ్యి పెడితే చల్లటి తుంపర వచ్చి బొట్టును తడుపుతుంది. అదే దానికి తిండి. లాండ్రీలో పనిచేసే తెలుగు ఆడవాళ్ళు దానికి "మేత" అని పేరు పెట్టారు. మేత అందకపోతే పదో రోజునుంచి రంగు దిగుతుంది. ఇరవై ఒకటో రోజుకు కణాలు చచ్చిపోతాయి. చచ్చినవాటిని ఏ మందూ లేపలేదు. ఆ తర్వాత ఆరు రోజుల్లో దేశం వదిలి పోవాలి, అయిదేళ్ళు మళ్ళీ రాకూడదు.

కుందన పనిచేసేది నగరంలోని ఆసుపత్రులన్నిటి దుప్పట్లూ ఉతికే లాండ్రీలో. నూట నలభైమంది ఆడవాళ్ళు. దుప్పట్లను ఇస్త్రీ చేసే పెద్ద రోలరు దగ్గర ఇద్దరు ఉండాల్సిన చోట ఒక్కరినే పెట్టారు. రాజోలునుంచి వచ్చిన సలోమి అనే అమ్మాయి పదకొండు గంటలు నిలబడి నిలబడి తూలి, కుడిచేతి మూడు వేళ్ళు రోలరుకిచ్చింది. ఆ మర్నాడే కుందన ఆప్రాన్ విప్పి గేటు బయటికొచ్చేసింది. వెనకాలే తక్కినవాళ్ళూ వచ్చారు. రోలరు దగ్గర రెండో మనిషి కావాలి, ఆవిరి గదిలో గంటకోసారి ఊపిరి తీసుకోనివ్వాలి. అంతకుమించి వాళ్ళు అడిగిందేమీ లేదు.

సమ్మె చేస్తే వీసా పోదని ఆ దేశపు చట్టం చెబుతోంది. సంఘం ఆఫీసు గోడమీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు కూడా. సమ్మె రోజులను గైర్హాజరుగా చూపిస్తూ యజమాని ప్రభుత్వానికి రాయకూడదు. యజమాని రాయనూ లేదు, ఒక్క ముక్క కూడా. ఆయన రాయాల్సిన అవసరమేముంది? మేత గేటు లోపల ఉంది, ఆడవాళ్ళు గేటు బయట ఉన్నారు.

ఈ బొట్టును ప్రసూన ఎవరిమీదో పగతో కనిపెట్టలేదు. ఆమెకు పదమూడేళ్ళప్పుడు, కుందనకు ఆరేళ్ళప్పుడు, వాళ్ళమ్మ నరసాపురంలో లేసు అల్లకం మానేసి గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్ళింది. నాన్న పడవ మీదనుంచి పడి పోయిన కబురు అందినప్పుడు, అమ్మ పాస్‌పోర్టు ఆ ఇంటావిడ బీరువాలో ఉంది. తాళం తీయమని ఆమె కాళ్ళు పట్టుకుందట. దినవారాలైపోయాక, నాలుగు నెలలకు ఇంటికొచ్చింది. ఈలోగా చెల్లెలికి జడలు వేసిందీ, జ్వరమొస్తే గంజి తాగించిందీ ప్రసూనే. ఎవరూ లాక్కోలేని, ఏ బీరువాలోనూ పట్టని పాస్‌పోర్టు కావాలని ఆ పిల్ల అప్పుడే అనుకుంది. పదిహేనేళ్ళు చదివి, ఒంట్లోనే ఉండే దాన్ని తయారుచేసింది.

మొదట తయారుచేసిన కణాలకు మేత అక్కర్లేదు. మనిషి రక్తంలోని చక్కెరే వాటికి చాలు. మనిషి బతికున్నంతకాలం బొట్టూ బతికుంటే వీసాకు గడువెలా పెడతామని మంత్రిత్వశాఖవాళ్ళు అడిగారు. సరేనని ఆమె కణాలకు ఒక లోపం పెట్టింది. తమకు కావలసిన ఒక పోషకాన్ని అవి తయారుచేసుకోలేవు, బయటినుంచి అందాలి. దాన్ని మందుల షాపుల్లో అమ్ముతారనుకుంది. గేటు దగ్గర మాత్రమే పెడతారని ఒప్పందం మీద సంతకాలయ్యాక తెలిసింది. ఏయే సందర్భాల్లో మేత ఇంటికి పంపాలో రాసిమ్మంటే రాసిచ్చింది: జబ్బు, పురుడు, దగ్గరివాళ్ళ చావు. అమ్మను తలుచుకుంటూ రాసిన జాబితా అది. అమ్మ జబ్బుపడింది, ఏడ్చింది, కాళ్ళు పట్టుకుంది. పని ఆపేసి గుమ్మం బయట నిలబడటం మాత్రం అమ్మ ఎన్నడూ ఎరగదు. అందుకే సమ్మె అన్న మాట ప్రసూన కలానికి తట్టనే లేదు.

పద్నాలుగో రోజున ఆమె డైరెక్టర్ హోల్మ్ గదికి వెళ్ళింది. హోల్మ్ చెడ్డవాడు కాదు. ఆమెను కూర్చోబెట్టి, తనే కాఫీ పోసిచ్చాడు.

"జాబితాలో ఇంకొక్క మాట చేర్చాలి," అంది ప్రసూన. "సమ్మె."

"చేరుద్దాం. మంత్రిత్వశాఖకు రాయండి. కమిటీ వచ్చే నెల కూర్చుంటుంది."

"వాళ్ళకింక వారమే ఉంది."

"ప్రసూనా, వాళ్ళ వీసాను ఎవరూ రద్దు చెయ్యడం లేదు. అది మీకూ తెలుసు. దానంతట అది పోతే ఎవరేం చేస్తారు?"

లాండ్రీ ఆడవాళ్ళు వలస కార్యాలయానికి వెళ్తే అక్కడి గుమాస్తా కూడా ఇదే మాట అన్నాడని కుందన చెప్పింది. ఇద్దరూ ఒకేచోట పాఠం చదివినట్టున్నారు. ప్రసూన ఆ రోజే ఉత్తరం రాసింది. తర్వాత ప్రయోగశాలలోకి వెళ్ళి సూక్ష్మదర్శినిలో కళ్ళు పెట్టింది. పద్నాలుగు రోజులుగా మేత లేని కణాలు అంచులు ముడుచుకుని, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఇన్నేళ్ళలో వాటిని చూస్తే ఆమెకు ఏడుపు రావడం అదే మొదటిసారి. మేత నిల్వలన్నీ గేట్లకు వెళ్ళిపోతాయి. పరీక్షలకని వాడగా ఒక గాజుగొట్టం అడుగున మిగిలింది కాస్తే, ఒక మనిషికి ఒక పూటకు సరిపోయేంత. దాన్ని కోటు జేబులో వేసుకుంది.

ఆ సాయంత్రం దాన్ని బల్లమీద పెడితే కుందన దానివంక పురుగును చూసినట్టు చూసింది.

"నూట నలభైమందికి సరిపోద్దా?"

"నీకొక్కదానికే వస్తది."

"అయితే తీసేయ్. మాలో ఇద్దరు మొదటివారంలోనే వెనక గేటునుంచి లోపలికెళ్ళొచ్చారు. పదో రోజు దాటాక మా బొట్లు దిగినా వాళ్ళవి దిగలేదు, అట్టా పట్టేశాం. అప్పట్నించీ రోజూ ఎనిమిదింటికి అందరం గుండ్రంగా నిలబడి చేతులు చూపించుకుంటన్నాం. ఆ పద్ధతి పెట్టింది నేనే. ఇప్పుడు నా చెయ్యి పచ్చగా ఉంటే నా మొహం ఎక్కడ పెట్టుకోనూ?"

"పోతే అయిదేళ్ళే కుందనా! మనకి ఇంకెవరున్నారే? నువ్వక్కడ, నేనిక్కడ..."

"అమ్మ పాస్‌పోర్టు తాళం ఎవరి బొడ్లో ఉందో అమ్మకి తెలుసు. వెళ్ళి ఆవిడ కాళ్ళన్నా పట్టుకుంది. మేం ఎవరి కాళ్ళు పట్టుకోవాలక్కా?" అని, వెంటనే నాలిక కరుచుకుంది. "నిన్ననలేదు. నువ్వు చేసిందని అక్కడెవరికీ తెలీదు. మా అక్క ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తదని చెప్పాను."

అక్క పరువు కాపాడటానికి చెల్లెలు అబద్ధమాడిందన్నమాట. ప్రసూనకు ఆ మాట ఎక్కడో పొడుచుకుంది. గొట్టాన్ని మళ్ళీ జేబులో వేసుకుంది కానీ పారబొయ్యలేదు.

పదిహేడో రోజు ఆదివారం. ఆ ఇంట్లో ఆదివారమంటే తలంటు. నరసాపురంలో మొదలైన అలవాటు, మంచుపడే దేశానికొచ్చినా మానలేదు. నువ్వులనూనె వెచ్చచేసి, చెల్లెల్ని పీట మీద కూర్చోబెట్టి, మాడుమీద చరిచి, చేతులకూ కాళ్ళకూ పట్టించి, సున్నిపిండితో నలిచి, వేడినీళ్ళు పోసేది. ముప్ఫై ఏళ్ళొచ్చినా కుందన ఆ పీట మీద ఆరేళ్ళ పిల్లే. రెండు వారాలుగా చలిలో నిలబడి ఆమె చేతులు పగిలి ఉన్నాయి.

ప్రసూన గొట్టంలోంచి పావు వంతు మాత్రమే నూనెగిన్నెలో వేసింది. బాగా లెక్కకట్టే వేసింది. ఉత్తి చర్మం మీద రాస్తే మేతలో పదోవంతుకు మించి లోపలికి ఇంకదని ఆమె పరీక్షలన్నీ చెప్పాయి. ఆ కాస్తతో రంగు తిరిగి రాదు, కణాలు మాత్రం మరో పదిరోజులు కొనప్రాణంతో ఉంటాయి. ఈలోగా ఉత్తరానికి జవాబు రావచ్చు. చెయ్యి అందరి చేతుల్లాగే వెలవెలబోతూ ఉంటుంది, చెల్లెలికి కూడా తెలియనక్కర్లేదు.

"గట్టిగా రుద్దక్కా, హాయిగా ఉంది," అంది కుందన కళ్ళు మూసుకుని. "సలోమికి కూడా ఒకసారి నీచేత తలంటిస్తాను. పాపం, ఒంటిచేత్తో జడేసుకోలేకపోతంది."

ప్రసూన మణికట్టు దగ్గర బొటనవేలితో గుండ్రంగా, నిదానంగా రుద్దింది. ఆమె చదువంతా, ప్రేమంతా ఆ బొటనవేల్లోనే ఉన్నాయి. వెచ్చటి నూనె పోసి, అరగంట మర్దనా చేసి, సున్నిపిండితో నలిచి, పొగలుకక్కే నీళ్ళు పోస్తే చర్మం ఎంత తాగుతుందో మాత్రం ఆమె ఏనాడూ పరీక్షించలేదు. ఆ ప్రయోగశాలలో ఆ మాట ఎవరికి తోస్తుంది? ఆమెకే తోచాలి. ఆమెకూ తోచలేదు.

సోమవారం పొద్దున ప్రసూన పెద్ద గిన్నెనిండా పులిహోర కలిపి, చెల్లెలితోపాటే లాండ్రీ గేటుకు వెళ్ళింది. సన్నగా మంచు పడుతోంది. ఆడవాళ్ళు నేలమీద కాళ్ళు తాటిస్తూ గుండ్రంగా నిలబడి ఉన్నారు. తెలుగువాళ్ళు ఇరవైమంది ఉంటారు, తక్కినవాళ్ళు ఏయే దేశాలవాళ్ళో. మాట కలవకపోయినా అందరికీ అదొక్కటి వచ్చు. ఎనిమిది కొట్టగానే చేతితొడుగులు తీసి, స్వెట్టరు చేతులు మోచేతిదాకా లాగి, మణికట్లు ముందుకు చాచారు.

అన్నీ బూడిదరంగుకు తిరిగిన బొట్లు. కొన్ని మరీ కనీ కనపడకుండా ఉన్నాయి. చీకటితో లేచి తొడుక్కున్న స్వెట్టరును కుందన కూడా నవ్వుతూ, పక్కావిడతో ఏదో చెబుతూ పైకి లాగింది.

ఆమె చేతి మీద బొట్టు ఆ మంచులో దీపంలా వెలుగుతోంది.

ముందు చూసింది సలోమి. కట్టు కట్టిన చేతిని గుండెకు ఆనించుకుని, రెండడుగులు ముందుకొచ్చి, తప్పు చూశానేమోనన్నట్టు వంగి మళ్ళీ చూసింది.

"కుందనక్కా," అంది. "ఎప్పుడెళ్ళావక్కా లోపలికి?"

కుందన తన చేతిని తానే గుర్తుపట్టనట్టు చూసుకుంది. "నేను... నేనెళ్ళలేదే. దేవుడిమీద ఒట్టు, ఎళ్ళలేదు."

"మరి అదేంటి?"

కుందన చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నువ్వులనూనె వాసన. మెల్లగా తల తిప్పి అక్కవైపు చూసింది. ఆ చూపును ప్రసూన బతికున్నంతకాలం మరిచిపోదు. కోపం కాదు. ఆరేళ్ళప్పుడు, అమ్మ రేపొస్తుందని తను అబద్ధం చెబితే, సాయంత్రందాకా వీధిలో కూర్చుని లోపలికొచ్చినప్పుడు చూసిన చూపు.

పులిహోర గిన్నె కింద పెట్టేసి ప్రసూన మధ్యలోకి వచ్చేసింది. "దాని తప్పేం లేదమ్మా! నేనే రాశాను. దానికి తెలీదు. నూనెలో కలిపి నేనే రాశాను!"

"మీరెవరండీ?" అడిగిందొక పెద్దావిడ.

"దాని అక్కని."

"రక్తపరీక్షలు చేస్తారన్నారు? మేత మీకెలాగొచ్చింది?"

ఇంక దాచడానికేమీ మిగల్లేదు. "నేను ఆ బొట్టు చేసేచోట పనిచేస్తాను," అంది. ఆ తర్వాత, అసలు నిజం చెబితేనైనా చెల్లెల్ని నమ్ముతారనుకుంది కాబోలు, "అది చేసిందే నేను," అని కూడా అంది.

తెలుగు తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు తమ తమ భాషల్లో చెప్పారు. ఆ మాట ఒక్కో నోటినుంచి ఇంకో నోటికి వెళ్ళడం ప్రసూన చూస్తూనే ఉంది. ఆమె నిజం చెప్పిన కొద్దీ అది ఇంకా అబద్ధంలా తయారైంది. బొట్టు చేసినామె చెల్లెలు సమ్మెకు నాయకురాలు. అందరి బొట్లూ చచ్చిపోతుంటే ఆమెకు ఇంట్లోనే మేత. ఇన్నాళ్ళూ చేతులు చూపించమన్నది కూడా ఆవిడే.

"నాకోసం నిలబడ్డావనుకున్నానక్కా," అంది సలోమి. అంతే అంది. గొంతు పెంచనైనా లేదు.

"నీకోసమేనే, సలోమీ, నా మాట విను..." కుందన ఆమె చెయ్యి పట్టుకోబోయింది. సలోమి వెనక్కి జరిగింది.

పది గంటలకు అయిదుగురు గేటులోకి వెళ్ళారు. మధ్యాహ్నానికి సగంమంది. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. మూడు రోజులు పోతే ప్రతి ఒక్కరి బొట్టూ చస్తుంది, ప్రతి ఒక్కరికీ ఇంటిదగ్గర ఎదురుచూసేవాళ్ళున్నారు, నమ్మి నిలబడదామంటే నమ్మిన మనిషి చెయ్యే వెలుగుతోంది. బుధవారానికి నూట ముప్ఫైతొమ్మిదిమందీ గూట్లో చేతులు పెట్టేశారు. సలోమి ఎడమచెయ్యి పెట్టబోతే గూడు తీసుకోలేదట, బొట్టు కుడిచేతికి ఉంది, కట్టున్న ఆ చేతినే దూర్చాల్సివచ్చింది. రోలరు దగ్గరకు రెండో మనిషి రాలేదు.

గురువారం పొద్దున కుందన మామూలుగానే లేచి, స్వెట్టరు వేసుకుని, గేటు దగ్గరికి వెళ్ళి బయటే నిలబడింది. ఒక్కతే.

"లోపలికన్నా పో, లేకపోతే ఇంటికన్నా రా," అని ప్రసూన బతిమాలింది. "నీ బొట్టుకి ఇంకా పద్దెనిమిది రోజులుంది. ఇప్పుడెవరికోసమే ఈ నిలబడటం?"

"వాళ్ళు పనికెళ్తా నన్ను చూస్తారు కదా. నేను లోపలికెళ్ళలేదని తెలుస్తది."

"ఎప్పటికి తెలుస్తది?"

"బొట్టు పోయినప్పుడు."

మళ్ళీ గేటువైపు తిరిగి నిలబడింది. ఆదివారం వచ్చింది, పీట గోడకే ఆనించి ఉంది. కుందన జుట్టు తనే దువ్వుకుంది, పొడిగా.

ప్రయోగశాలలో రోజులు మామూలుగానే గడిచాయి. ప్రసూన పట్టుకుపోయిన గొట్టం సంగతి హోల్మ్‌కు తెలుసు. ఏమీ అనలేదు. పైగా సమ్మె సర్దుకున్నందుకు అందరూ సంతోషంగా ఉన్నారని చెప్పాడు. ప్రసూన రాసిన ఉత్తరానికి మంత్రిత్వశాఖ జవాబు కూడా వచ్చింది. ప్రస్తుతం ఎక్కడా సమ్మె లేదు కాబట్టి జాబితాలో ఆ మాట చేర్చే అవసరం కనిపించడం లేదని రాశారు. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, బల్లమీద తల పెట్టుకుని ఏడ్చింది. పక్కబల్ల దగ్గరి కుర్రశాస్త్రవేత్త నీళ్ళు తెచ్చిస్తే తాగింది కూడా. ఆమె మేత లేని కణాల పళ్ళెం ఒకటి విడిగా పెట్టి, రోజూ చూసేది. చెల్లెలి చెయ్యి ఆమె చూడలేదు, కుందన ఇంట్లో కూడా స్వెట్టరు విప్పడం లేదు. ఆ పళ్ళెమే చెల్లెలి చెయ్యి అనుకుని చూసుకునేది. తలంటిన ఆదివారంనుంచి ఇరవై ఒకటో రోజు పొద్దున పళ్ళెం తెల్లగా ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టు మారేవేళకు కుందన గేటు ఎదుట స్వెట్టరు పైకి లాగి, చెయ్యి చాచి నిలబడిందట. బయటికొచ్చేవాళ్ళు చూశారు. కొందరు తలదించుకుని వెళ్ళిపోయారు. సలోమి మాత్రం ఆగి, ఆ చేతిని చూసి, అక్కడే మంచులో కూలబడి ఏడ్చిందని తర్వాత ఎవరో చెప్పారు. మర్నాడు ఆమె వాళ్ళింటికొచ్చింది. లోపలికి రానంది. గుమ్మంలోనే కుందన మెడ వాటేసుకుని చాలాసేపు నిలబడి, పనివేళైందని వెళ్ళిపోయింది.

ఆరు రోజులు సామాను సర్దడంలోనే గడిచాయి. "నేనూ వచ్చేస్తాను," అంది ప్రసూన మడతపెట్టిన చీర చేతిలో పట్టుకుని. "ఈ ఉద్యోగం నాకొద్దు."

"నువ్వు రావద్దు." కుందన పెట్టె జిప్పు లాగుతూ అంది. "నువ్వొచ్చేస్తే దాన్ని మార్చేవాళ్ళెవరు? నాకు అయిదేళ్ళు పట్టుద్ది మళ్ళీ రావడానికి. ఈలోపు నువ్వు చెయ్యాల్సింది నువ్వు చెయ్యి."

"నన్ను ఎప్పటికన్నా క్షమిస్తావటే?"

కుందన పెట్టె మీదికి వంగింది. జిప్పు ఇరుక్కుంటే దాంతో కుస్తీ పట్టింది.

విమానాశ్రయంలో బయటికి పోయేవాళ్ళ వరస వేరు. కుందనలాంటివాళ్ళు అందులో పదిమంది దాకా ఉన్నారు. అద్దం గోడదాకా వెంట వెళ్ళనిచ్చారు. బల్లవెనక ఉన్న అధికారి కుందన మణికట్టు మీద యంత్రం పెట్టి చూశాడు. బొట్టు ఉన్నచోట ఇప్పుడు రూపాయి బిళ్ళంత తెల్లటి మచ్చ, అంతే. ఆయన చూసింది చూసినట్టు రాసుకుని, మర్యాదగానే, పక్కకు నిలబడమన్నాడు.

ఇంకెంతసేపో లేదు. నెలరోజులుగా తాకనివ్వని చెల్లెలి చేతిని ప్రసూన ఇక ఆగలేక అందుకుంది. రెండు చేతులతో మణికట్టు పట్టుకుంది. తెల్లటి మచ్చ మీద తన బొటనవేలు ఆనించి, నిదానంగా నిమిరింది. నిమురుతూ అన్నీ చెప్పేసింది, తప్పైపోయిందనీ, నిన్ను పోగొట్టుకోలేకే చేశాననీ, అమ్మ ఉంటే నన్ను చంపేసేదనీ. కుందన తలవంచుకుని నిలబడింది. కదల్లేదు, చెయ్యి లాక్కోలేదు, ఏమీ తెలియనట్టే ఉంది. క్షమించలేదేమోననుకుంది ప్రసూన. చివరికి వరస కదిలింది, కుందన తలెత్తింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"కొంచెం పైన పట్టుకో అక్కా," అంది. "అది చచ్చిపోయినకాణ్నించి అక్కడ నాకు స్పర్శ తెలవట్లేదు."

ప్రసూన చేతులు పైకి జరిపి, మోచేతి దగ్గర గట్టిగా పట్టుకుంది. అధికారి తరువాతి పేరు పిలిచేదాకా అలాగే పట్టుకుని ఉంది.